నూటికి రెండు

పశువుల ఆసుపత్రిలో అరువు తెచ్చిన క్యానును
రెండు కాళ్ళ మధ్య ఇరికించుకొని
మోపెడ్ మీద వస్తాడు దస్తగిరి.
లోపల ద్రవ నైట్రోజన్.
నిన్నటిదాకా అందులో కోడెల వీర్యం నిద్రపోయింది.
ఈపొద్దు నా నల్ల బిళ్ళలు నిద్ర లేవాల.

అనంతపురంలో ఏప్రిల్.
గోడ మీద పాదరసం నలభై మూడు.
మూత తీస్తే
ఈ ఊరు ఎన్నడూ చూడని పొగమంచు
కడప బండల నేల మీద పాకి
నా చెప్పుల చుట్టూ ఒకసారి తిరిగి పోయింది.

నాలుగు నెలలు నూరినాను.
యిట్రియం, బేరియం, రాగి,
మా అవ్వ చెనిక్కాయల పొడి నూరినట్టు,
రోలు దగ్గర మాట్లాడకూడదన్నట్టు.
మొదటి బిళ్ళలో కల్తీ లేదు.
రెండోదాంట్లో నూరు రాగి పరమాణువుల చోట
ఒక జింకు.
మూడోదాంట్లో రెండు.
రెండంటే రెండే.

సీసమైతే లెక్కచెయ్యదు.
అది పాతకాలపు అతివాహకం.
దాంట్లో జతకట్టిన ఎలక్ట్రాన్లకు
తూర్పయినా ఉత్తరమైనా ఒకటే అడుగు.
మధ్యలో ఎవడన్నా తోసినా
తిరిగిన దిక్కున అదే చిందు, అదే తాళం.

నా బిళ్ళలో అట్లా కాదు.
గుంతకల్లు పక్క మా ఊర్లో
పెన్నోబులేసు నేర్పిన చెక్కభజన మాదిరి:
తూర్పు పడమరలకు పోతే కుడికాలు ముందు,
ఉత్తర దక్షిణాలకు ఎడమకాలు.
మూలల్లో అసలు అడుగే ఉండదు,
ఊపిరి పట్టుకొని దాటాల.
ఆ వరుసల్లోకి ఒక మనిషి వచ్చి నిలబడితే
(కొట్టడు, తిట్టడు, ఊరకే నిలబడతాడు)
అతనికి తగిలి
తూర్పుకు పోయేవాడు ఉత్తరానికి మళ్ళుతాడు.
కాలు మాత్రం కుడిదే.
జత చెడుతుంది. ఒకరి చెక్కల చప్పుడు
ఇంకొకరికి అడ్డం.

జింకుకు ఏ పాపమూ తెలీదు.
అయస్కాంతపు గుణం కూడా లేదు దానికి.
రాగి ఇంట్లో అద్దెకు దిగి
గమ్మున కూర్చుంటుంది.
మా దగ్గర లేని యంత్రంతో ఎవరో తీసిన బొమ్మలో చూసినాను:
ఒక్క జింకు చుట్టూ
నాలుగు దిక్కులకూ చేతులు చాపిన వెలుగు,
జత విడిపోయినవాళ్ళు
ఆట చెడిన చోటే
చెక్కలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నట్టు.

స్టీలు గిన్నెలో మొదటి బిళ్ళ.
పైన గోరంత అయస్కాంతం.
బుసబుసలు ఆగినాక
లేచింది.
దస్తగిరి ప్రతిసారీ దాని కింద కాగితం దూర్చి చూస్తాడు,
నేను దారమేమన్నా కట్టినానేమో అని.
రెండోది లేచీ లేవనట్టు,
జరం తగ్గిన పిల్ల మంచం దిగినట్టు.
మూడోదాని మీద
రాయి మీద రాయి.

"ఏం పాపా, దీనికేం రోగం?"
"రోగం కాదన్నా. ఇంకా చలి కావాల దానికి.
మన క్యానులో అంత చలి లేదు."
"నూటికి రెండు పాళ్ళకేనా?" అన్నాడు.
"పాలల్లో నీళ్ళు అంతకన్నా ఎక్కువ పోస్తారే!"

నాలుగో బిళ్ళ సంగతి సార్‌కు చెప్పలేదు.
జనవరిలో కొలిమి నడుస్తుండంగానే కరెంటు పోయి
సగం కాలి, అంచుల్లో పచ్చపచ్చగా
మలినం మిగిలిన బిళ్ళ.
పారెయ్యమంటే దస్తగిరి
తాళాల డబ్బాలో దాచినాడు.
నైట్రోజన్ అడుగంటుతుంటే అదీ వేసి చూసినాం.
అయస్కాంతం లేచింది. వేలితో నెట్టితే
జారలేదు.
మొదటి బిళ్ళ మీద ఇట్లా నెట్టితే పక్కకు పడిపోయింది కదా.
దీన్ని పటకారుతో ఎత్తి వంచినా
గాలిలో కొట్టిన మేకుకు తగిలించినట్టు
వేలాడింది.
లోపలికి దూరిన అయస్కాంత రేఖల్ని
ఆ పచ్చ మరకలే కదలనీకుండా పట్టుకుంటాయని
పుస్తకంలో చదివిందే.
చదివింది వేరు.

నోటుబుక్కులో నాలుగోదాని ఎదురుగా
"చెడింది" అని జనవరిలో రాసిన మాట.
కొట్టెయ్యలేదు.
పక్కనే రాసినాను:
"పట్టుకుంది. పదకొండు సెకన్లు."

బయట ఎండ.
ఖాళీ క్యాను
మళ్ళా కోడెల దగ్గరికి పోతాంది.